బిగ్ సర్‌కి ఒకే బండిలో వెళ్లండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే బే ఏరియా వాళ్లం ఏదో ఒక శనివారం బిగ్ సర్‌కి బయలుదేరతాం. ఒక పక్క శాంటా లూసియా కొండలు, ఇంకో పక్క పసిఫిక్ మహాసముద్రం, మధ్యలో హైవే 1. మన భీమిలి బీచ్ రోడ్డుకి తిరుమల ఘాట్ రోడ్డు మలుపులు కలిపినట్టుంటుంది.

మొదటిసారి రెండు కుటుంబాలం రెండు కార్లలో వెళ్లాం. కార్మెల్ దాటాక ఫోన్ సిగ్నల్ పోయింది. ముందు కారు ఎక్కడ ఆగిందో తెలియలేదు. మా నాన్నగారికి షుగర్. పొద్దున మాత్ర వేసుకున్నారు, భోజనం డబ్బాలేమో ఆ కారులో ఉన్నాయి. ఒంటిగంటన్నరకి ఆయనకి చెమటలు పట్టి చేతులు వణికాయి. మా పాప జ్యూస్ డబ్బా తాగించాక తేరుకున్నారు. నేను మాత్రం ఆ రోజు సముద్రం వైపు మళ్లీ చూడలేదు.

రెండోసారి మూడు కుటుంబాలం కలిసి డ్రైవర్‌తో సహా వ్యాన్ మాట్లాడుకున్నాం. డ్రైవర్‌తో కలిపి పదిమందికి మించి పట్టే బండిని కిరాయికి నడపాలంటే కాలిఫోర్నియాలో మామూలు లైసెన్స్ చాలదు, కమర్షియల్ లైసెన్స్ కావాలి. పైగా డ్రైవర్ ఉంటే మన మగవాళ్లూ కిటికీలోంచి చూడొచ్చు.

ఒక్క రోజుకి రెండు చోట్లు చాలు. కార్మెల్‌కి 13 మైళ్ల దక్షిణాన బిక్స్‌బీ వంతెన. 1932లో తెరిచారు, ఎత్తు 260 అడుగులు. ఇంకా కిందకి, కార్మెల్ నుంచి 37 మైళ్ల దూరంలో మెక్‌వే జలపాతం. 80 అడుగుల పైనుంచి ఇసుక మీద పడుతుంది. 1983లో కొండచరియలు విరిగిపడక ముందు నేరుగా సముద్రంలోనే పడేదట. అక్కడినుంచి వెనక్కి తిరగండి. దక్షిణానికి వెళ్లేటప్పుడు సముద్రం మన కుడి పక్కనే ఉంటుంది కాబట్టి ఆగడం తేలిక.

ఈ రోడ్డు తరచూ మూసేస్తారు. ఇక్కడి రాయి పగుళ్లు పట్టిన రాయి. కింద అలలు కోస్తాయి, పైన వాన నానబెడుతుంది. 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండ జారి రోడ్డును పూడ్చేస్తే మళ్లీ తెరవడానికి 2018 జులై వచ్చింది. అందుకే బయలుదేరే ముందు క్యాల్‌ట్రాన్స్ సైట్ చూసుకోండి.

మరికొన్ని జాగ్రత్తలు: మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకోండి. కార్మెల్‌లోనే గ్యాస్ నింపుకోండి. వేసవిలోనూ పొగమంచు, చలి ఉంటాయి, పెద్దవాళ్లకి స్వెటర్లు తప్పనిసరి. కడుపులో తిప్పేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి. మందులు, తిండి ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి.

ఈసారి నాన్నగారు పన్నెండున్నరకల్లా పులిహోర తిన్నారు. డబ్బా సంచి దారి పొడుగునా ఆయన ఒళ్లోనే ఉంది.