పద్దు ఎవరి చేతిలో ఉంది?

ఈసారి ఎపిసోడ్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకున్నాం కదా, దాని వెనకున్న పాత కథ ఇక్కడ రాస్తున్నా. నేను అకౌంటెంట్‌ని కాదు, ఐటీఐ చదివి కువైట్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నా.

చమురు రాకముందు కువైట్ బతికింది ముత్యాల మీద. ఎండాకాలమంతా పడవలు సముద్రంలోనే. మునిగేవాణ్ణి గైస్ అనేవారు, తాడు లాగేవాణ్ణి సైబ్, పడవ పెద్దను నాఖుదా. సీజన్‌కు ముందు ఇంటి ఖర్చులకు నాఖుదా అడ్వాన్సు ఇచ్చేవాడు, ముత్యాలు అమ్మాక వాటాలో కోసుకునేవాడు. పద్దు మాత్రం ఆయన దగ్గరే. మునిగేవాళ్ళలో చాలామందికి చదువు రాదు. బాకీ ఎంతంటే పద్దు పట్టుకున్నాయన చెప్పిందే. తీరకపోతే వచ్చే ఏడూ అదే పడవ. గల్ఫ్ రేవుల్లో తండ్రి అప్పు కొడుకు మీద పడ్డ రోజులున్నాయి.

1920లలో బహ్రెయిన్‌లో సంస్కరణలు తెచ్చినప్పుడు, మునిగే ప్రతివాడికీ సొంత లెక్కల పుస్తకం ఉండాలన్నారు. కువైట్‌లో చట్టం 1940లో వచ్చింది. అప్పటికే జపాన్ పెంపుడు ముత్యాలు ఈ వ్యాపారాన్ని దెబ్బతీశాయి.

ఇంకో సంగతి. ఇక్కడ చాలాకాలం నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు వేసింది. 1961 ఏప్రిల్ 1న దీనార్ వచ్చింది, రూపాయికి 75 ఫిల్స్ లెక్కన మార్చారు.

ఇప్పుడు మన సంగతి. రాజంపేట నుంచో భీమవరం నుంచో వీసాకు అప్పు చేసి వస్తాం. అసలెంత తీరింది, వడ్డీకెంత పోయింది? చాలామందికి అది ఊళ్ళో అప్పిచ్చినాయన పుస్తకంలోనే ఉంటుంది.

అందుకే సొంత పద్దు. గ్నూక్యాష్ ఉచితం. ఐదు రకాల ఖాతాలు: ఆస్తి, అప్పు, రాబడి, ఖర్చు, మూలధనం. ప్రతి ఎంట్రీ కనీసం రెండు చోట్ల పడుతుంది. 1494లో వెనిస్‌లో పచోలీ అచ్చేసిన పద్ధతే ఇది. ఊరి అప్పును రూపాయల ఖాతాగా, జీతాన్ని దీనార్ల ఖాతాగా తెరవండి. దీనార్‌కు వెయ్యి ఫిల్స్ కాబట్టి చుక్క తర్వాత మూడంకెలు రావాలి. 10,000 రూపాయలు కడితే, వడ్డీ 2,000 ఖర్చులో వేయండి, అసలు 8,000 అప్పులో తగ్గించండి.

నెలాఖరున ఊరికి ఫోన్ చేసి వాళ్ళ పద్దు చదివించుకోండి. తేడా ఉంటే ఆ నెలే తేలుతుంది.