విజయవాడలో వాతావరణ అనుకూల నగరాభివృద్ధి

విజయవాడలో కరెంటు, చెత్త, రవాణా రంగాల్లో కర్బన ఉద్గారాలను తగ్గించడానికి, పేటలను ఎండలకూ వరదలకూ తట్టుకునేలా మలచడానికి 2000ల నుంచి సాగుతున్న ప్రయత్నాలు ఈ వ్యాస విషయం. ఇవన్నీ ఒకే పథకం కిందికి రావు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, నగరపాలక సంస్థ, రైల్వే ఎవరికి వారుగా చేపట్టిన పనులివి. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని భారత ప్రభుత్వం 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించింది. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో పర్యావరణ హిత పేటగా పేరుపొందిన వాబాన్‌ను పాత సైనిక స్థావరం స్థలంలో కొత్తగా కట్టారు. విజయవాడలో మార్చాల్సినవి మాత్రం ఇప్పటికే జనం కిక్కిరిసి ఉంటున్న పేటలు. వాటిలో చాలా భాగం వాగుల దారిలోనే ఉంది. ఉద్గారాల తగ్గింపునూ ముంపు నివారణనూ కలిపి చూడకపోతే ఇక్కడ రెండూ నిలవవని 2024 వరద నిరూపించింది.

భౌగోళిక నేపథ్యం

నగరం కృష్ణా నది ఎడమ గట్టున, డెల్టా మొదలయ్యే చోట ఉంది. 1855లో ఇక్కడ ఆనకట్ట పూర్తయింది. 1952లో అది కొట్టుకుపోగా, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి నడుమ నుంచే డెల్టా పొలాలకు వెళ్తాయి. ఉత్తరాన మైలవరం వైపు నుంచి వచ్చే బుడమేరు కొల్లేటికి పోతుంది. దాని వరదను వెలగలేరు దగ్గర మళ్లింపు కాలువలోకి తిప్పి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. పట్టిసీమ ఎత్తిపోతలతో వచ్చే గోదావరి జలాలూ ఈ దారిలోనే కృష్ణకు చేరతాయి. నదే నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీళ్లు లాగవు.

విద్యుత్తు

నగరానికి ఆనుకొని ఇబ్రహీంపట్నంలో ఉన్న డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979 నుంచి బొగ్గుతో నడుస్తోంది. 2023లో 800 మెగావాట్ల యూనిట్ తోడై దాని సామర్థ్యం 2,560 మెగావాట్లకు చేరింది. కేంద్ర ప్రభుత్వ సౌర నగరాల కార్యక్రమానికి ఎంపికైన నగరాల్లో విజయవాడ ఒకటి. ఐదేళ్లలో సంప్రదాయ విద్యుత్ అవసరాన్ని 10 శాతం తగ్గించడం ఆ కార్యక్రమ లక్ష్యం. రైల్వే స్టేషన్‌లో 4, 5 ప్లాట్‌ఫారాల పైకప్పుగా 130 కిలోవాట్ల సౌర ఫలకాలు అమర్చారు. భారత హరిత భవన మండలి 2023లో ఈ స్టేషన్‌కు ప్లాటినం గుర్తింపు ఇచ్చింది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి డాబా మీద 3 కిలోవాట్ల ఫలకాలు పెట్టుకుంటే రూ.78,000 రాయితీ వస్తుంది. ఇక్కడి ఎండకు అవి రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. బొగ్గు ప్రధానంగా ఉన్న గ్రిడ్‌తో పోలిస్తే ఏడాదికి దాదాపు 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టే. సొంత డాబా లేని అద్దె ఇళ్లవాళ్లకు, అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు మాత్రం ఈ ప్రయోజనం అంత తేలిగ్గా అందదు.

చెత్త

విజయవాడ 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్, సూరత్‌ల తర్వాత దేశంలో మూడో స్థానంలో నిలిచింది. అదే ఏడాది అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం ఇక్కడే మొదలైంది. తడిచెత్తకు ఆకుపచ్చ, పొడిచెత్తకు నీలం, హానికర చెత్తకు ఎరుపు బుట్టలు ఇంటింటికీ ఇచ్చారు. అజిత్‌సింగ్‌నగర్‌లో కూరగాయల మార్కెట్ల, కబేళాల వ్యర్థాల నుంచి బయోగ్యాస్ తీసే కేంద్రాన్ని 2000లలోనే నెలకొల్పారు. తడిచెత్త గుట్టలో కుళ్లితే మీథేన్ గాలిలో కలుస్తుంది. అదే చెత్తను మూసిన ట్యాంకులో పులియబెడితే గ్యాస్ వాడకానికి వస్తుంది, మడ్డి ఎరువవుతుంది. ఎరువు అవసరమైన డెల్టా పొలాలు ఊరి పొలిమేరల్లోనే ఉన్నాయి. ఇంట్లో తడిచెత్త, పొడిచెత్త కలిసిపోతే మాత్రం ఈ వరుసంతా తెగిపోతుంది.

ఎండ, రవాణా

రోహిణీ కార్తెలో కొండల మధ్య కాంక్రీటు వేడిని పట్టుకొని రాత్రికి కూడా వదలదు. 2015 మే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. డాబాకు సున్నమో తెల్లని చలువ పెయింటో వేస్తే గది వేడి తగ్గుతుంది, ఏసీ వాడకమూ తగ్గుతుంది. రేకుల ఇళ్లకు ఇది మరీ అవసరం. రవాణా విషయానికొస్తే, సత్యనారాయణపురం మీదుగా పోయే పాత రైలు మార్గం స్థానంలో కేంద్ర నగరాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులతో బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. బస్సుకు ప్రత్యేక దారి అనే ఉద్దేశం నిలవలేదు, పేరు మాత్రం మిగిలింది.

2024 ముంపు

2024 సెప్టెంబరు 1న బుడమేరు మళ్లింపు కాలువకు మూడు చోట్ల గండ్లు పడి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, జక్కంపూడి కాలనీ మునిగాయి. మర్నాడు బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు పడవలతో, డ్రోన్లతో మేడల మీదికి చేర్చారు. వీధులు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. కింది అంతస్తుల్లోని మీటర్లు, మోటార్లు, ఫ్రిజ్‌లు, బళ్లు పాడయ్యాయి. కాలువగట్ల మీద నుంచి తరలించిన పేద కుటుంబాలకు ఇళ్లిచ్చింది కూడా ఈ పల్లపు ప్రాంతాల్లోనే.

ప్రాధాన్యాలు

ఇలాంటి పేటలో సౌర ఇన్వర్టరు, బ్యాటరీ, ఎలక్ట్రిక్ బండి చార్జింగ్ పాయింటు నేల మట్టాన ఉంటే ఒక్క వరదకే పోతాయి. వాటిని ముంపు మట్టానికి పైన అమర్చాలి. అంతకంటే ముందు బుడమేరు కట్టలు బలపడాలి, దాని దారిలోని ఆక్రమణలు తొలగాలి, వీధి డ్రెయిన్లలో పూడిక తీయాలి. ఖాళీ చేయించిన కుటుంబాలకు మెరక స్థలంలో, పనికి వెళ్లే దూరంలో ఇళ్లివ్వడం ఈ పనిలో విడదీయరాని భాగం. మళ్లీ పల్లంలోనే ఇస్తే ప్రమాదం చోటు మారుతుంది తప్ప తగ్గదు. వీధి ఎన్ని యూనిట్ల కరెంటు తయారు చేసిందో, ఎంత తడిచెత్త ఎరువైందో వార్డు సచివాలయం లెక్క రాయవచ్చు. ఆ లెక్క పక్కనే, వానాకాలంలో ఎన్ని ఇళ్లలోకి నీళ్లు వచ్చాయో కూడా రాసినప్పుడే పేట నిజంగా మారిందో లేదో తెలుస్తుంది.