ముందిరుసు వణుకు

1930వ సంవత్సరములో నిజాం ప్రభుత్వము తన రాజ్యములోని రైలుమార్గములను ఒక బ్రిటిషు కంపెనీ నుండి కొని స్వాధీనము చేసికొనెను. ఆ రైల్వే ప్రధాన కార్యాలయము సికింద్రాబాదులో ఉండెను. రెండేండ్ల పిమ్మట, 1932 జూన్ 15న, ఆ రైల్వేవారే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు మూలము ఇదియే. పట్టాలపై బండ్లు నడిపినవారే రోడ్డుమీదను బండ్లు నడుపుటలో ఒక విశేషము కలదు. రెండుచోట్లను ఇరుసునకు ఒకే జాతి జబ్బు వచ్చును.

రైలు చక్రముల అంచులు కొంచెము ఏటవాలుగా ఉండును. అందుచే జత చక్రములు పట్టాల నడుమ పామువలె అటునిటు కదలుచు పోవును. ఈ అలనడకకు 1883లో క్లింగెల్ అను జర్మను ఇంజనీరు లెక్క కట్టెను. వేగము హద్దు మీరినచో ఆ కదలిక తనంతట తానే పెరుగును. బస్సులో దీని రూపము వేరు. ముందు చక్రములు సెకనుకు పలుమార్లు కుడియెడమలకు కొట్టుకొనును. స్టీరింగు డ్రైవరు చేతులలో గడగడలాడును. ఇంజనీర్లు దీనిని షిమ్మీ అందురు. మన మెకానిక్కులు వాబ్లింగ్ అందురు.

ఎద్దుబండి ఇరుసు తిరుగదు. ఎడ్లే బండిని ఈడ్చి త్రిప్పును. నాలుగు చక్రముల గుర్రపుబండిలో ముందిరుసు మొత్తముగా నడిమి మేకుపై తిరిగెడిది. 19వ శతాబ్ది ఆరంభమున మ్యూనిక్‌లోని లాంకెన్‌స్పెర్గర్ అను బండ్ల పనివాడు ఇరుసును కదలనీయక, దాని రెండు కొనలయందు చక్రములు మాత్రమే తిరుగు ఏర్పాటు చేసెను. 1818లో ఆకర్‌మన్ అనునతడు ఆయన ప్రతినిధిగా ఇంగ్లండులో పేటెంటు పొందెను. పని ఒకరిది, పేరు మరొకరిది! ఇరుసు కొనలలోని ఆ మేకులే నేటి కింగ్ పిన్నులు. రెండు చక్రములను కలుపు కడ్డీ టై రాడ్డు. 1932 నాటి బస్సులకు ముందుభాగమున ఒకే ఉక్కుదూలము ఇరుసుగా, దానిపై కమాను పట్టీలు ఉండెను. నేటికిని చాలా లారీలకు, సామాన్యపు బస్సులకు అదే అమరిక.

గుర్రముల వేగమున ఈ ఏర్పాటు బాగుగనే నడచెను. మోటారు వేగమున చిక్కు వచ్చెను. ఎడమ చక్రము ఒక రాయి నెక్కినదనుకొందము. ఇరుసు ఒకే దూలము గనుక రెండు చక్రములును ఒరుగును. వేగముగా తిరుగు చక్రము బొంగరము వంటిది. దానిని ఒరగజేసినచో ఊరకుండక ప్రక్కకు తిరుగును. కావున చక్రములు కింగ్ పిన్నులపై ప్రక్కకు మళ్లును. ఆ మళ్లుట మరల ఇరుసును ఊపును. వెనుకకు మరలిన చక్రములు సరియైన చోట ఆగక అవతలికి పోవును. ఇట్లు ఒక కదలిక రెండవదానిని పోషించును. దీనికి కావలసిన శక్తి బండి పరుగునుండియే లభించును. అందుచేతనే రాయి దాటిపోయినను వణుకు ఆగదు. వేగము తగ్గించిననే ఆగును.

1920 దశకములో ఈ జబ్బు విజృంభించెను. ముందు చక్రములకు బ్రేకులు వచ్చి ఇరుసు బరువెక్కెను. 1923 ప్రాంతమున తక్కువ గాలితో నడచు లావుపాటి బెలూను టైర్లు వచ్చెను. ప్రయాణము మెత్తబడినది గాని టైరు ప్రక్కలకు సాగుట హెచ్చినది. 1925లో ఫ్రెంచి ఇంజనీరు బ్రూలియే షిమ్మీని పరిశీలించుచు, ప్రక్కనుండి బలము తగిలినప్పుడు టైరు తాను చూచు దిక్కుననే సరిగా పోదని చూపెను. టైర్ల శాస్త్రమునకు ఇది పునాదులలో ఒకటి. 1934లో జనరల్ మోటార్స్ వారు తమ కార్లకు ముందు చక్రములను దేనికది విడిగా కదలునట్లు అమర్చిరి. బరువుబండ్లు మాత్రము దూలమును వదలలేదు.

దూలపు ఇరుసు బండి వణకినప్పుడు, ఎప్పుడు వణకుచున్నదో ముందు కనుగొనవలెను. ఒకానొక వేగమున మొదలై, అది దాటగానే తగ్గినచో చక్రపు తూకమును అనుమానింపవలెను. అర మీటరు వ్యాసార్ధముగల చక్రపు అంచున 100 గ్రాములు అధికముగా ఉన్నచో, గంటకు 30 కిలోమీటర్ల వేగమున సుమారు 1.4 కిలోల బలము చక్రమును ఇరుసునుండి లాగును. 60 కిలోమీటర్ల వేగమున ఇది 5.7 కిలోలు. వేగము రెట్టింపైన బలము నాలుగు రెట్లు! బ్రేకు నొక్కినప్పుడే వణకినచో డ్రమ్ము గుండ్రదనము చెడినదేమో, కమాను వదులై ఇరుసు మెలి తిరుగుచున్నదేమో చూడవలెను. గుంతలో పడి మొదలైన వణుకు ఆగనిచో కీళ్లలో వదులున్నదని తలపవచ్చును.

టైర్ల గాలి చూచిన పిమ్మట చక్రమును జాకీపై లేపి, పైనను క్రిందను పట్టి ఊపవలెను. అది కదలినచో ఒకరిచే బ్రేకు నొక్కించి మరల ఊపవలెను. కదలిక పోయినచో లోపము బేరింగులో ఉన్నది; మిగిలినచో కింగ్ పిన్ను, బుష్షులు అరిగినవి. తరువాత బండిని నేలపై దింపి, ఒకరు స్టీరింగును కొంచెముగా అటునిటు త్రిప్పుచుండగా మరియొకరు టై రాడ్డు, డ్రాగ్ లింకు కీళ్లపై చేయి వేసి చూడవలెను. కంటికి కానరాని వదులు చేతికి తెలియును.

కీళ్లన్నియు బాగున్నను వణుకు పోనిచో కింగ్ పిన్ను వాలును కొలువవలెను. సైకిలు ముందు ఫోర్కువలె ఇదియు కొంచెము వెనుకకు వాలి యుండును. వాలు చాలనిచో బండి దారి తప్పుచుండును, మితిమీరినచో వణుకును. కమాను పట్టీ ఒకటి విరిగినను ఈ వాలు మారును. జీపులను ఎత్తు పెంచి సింగారించువారు కమాను క్రింద దిమ్మెలు పెట్టుదురు. అప్పుడు డ్రాగ్ లింకు ఏటవాలై, ఇరుసు పైకి క్రిందికి కదలినప్పుడెల్ల చక్రములను తానే త్రిప్పును.

కొందరు ఇవేవియు చూడక స్టీరింగునకు ఒక డంపరు బిగించి ఊరకుందురు. వణుకు అణగును; కాని అరిగిన కీలు అరుగుచునే యుండును. డంపరులోని నూనె కారిపోయిన నాడు ఆ కీలు మునుపటికంటె వదులుగా ఉండును.