గీతనూ పేరడుగుతారు

బొమ్మలో మనిషుంటే మా పెద్దలకు అనుమానం. బొమ్మలో ఏమీ లేకపోతే మీకు అనుమానం. ‘ఇంతకీ దీనర్థమేంటి?’ అంటారు. నైరూప్య చిత్రం జవాబు చెప్పదు. అప్పుడు చూపు పక్కనున్న చీటీ మీదికి పోతుంది. అక్కడ పేరుంటుంది. పేరులోంచి అర్థం తవ్వడం మొదలవుతుంది. మా పేర్లయితే ఆ తవ్వకం మరీ లోతుకు పోతుంది.

నస్రీన్ మొహమ్మదీ 1937లో కరాచీలో పుట్టింది. లండన్‌లో చదివింది. 1972 నుంచి బరోడాలో పాఠాలు చెప్పింది. 1990లో చనిపోయింది. కాగితం, ఇంకు, పెన్సిలు, స్కేలు. గీత పక్కన గీత, ఒకచోట ఒత్తుగా, ఒకచోట ఎడంగా. చాలా వాటికి పేరు పెట్టలేదు, తేదీ వేయలేదు. చివరి ఏళ్లలో నరాల జబ్బు ఒంటిని లొంగదీసినా గీత చెదరలేదు. అర్థాన్ని ఇంత జాగ్రత్తగా గడప బయట నిలబెట్టిన మనిషి గురించి రాసేటప్పుడు ‘ఇస్లామిక్ జ్యామితి’ అనే మాట ఎంత తేలిగ్గా దొరుకుతుందో! ఆమె ఫతేపూర్ సిక్రీని ఫొటోలు తీసింది, నిజమే. మగ్గం మీది దారాలనూ తీసింది. పొరుగింట్లో పడుగు చూస్తూ పెరిగిన మాకైతే ఆ గీతల్లో ముందు మగ్గమే కనిపిస్తుంది.

సయ్యద్ హైదర్ రజాది ఇంకో చిక్కు. 1922లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా బాబరియాలో పుట్టాడు. 1947లో బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పెట్టినవాళ్లలో ఒకడు. 1950లో పారిస్ వెళ్లాడు. అన్నదమ్ములు పాకిస్తాన్ వెళ్లిపోయినా ఆయన భారతీయుడిగానే ఉన్నాడు. 1980 ప్రాంతం నుంచి ఆయన బొమ్మల నిండా బిందువే. చిన్నప్పుడు మనసు నిలవడం లేదని బడిపంతులు గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నాడట. ఆ కథ రజాయే చెప్పుకునేవాడు.

అందరూ మెచ్చుకున్నారు. కానీ ‘ముస్లిం అయివుండి కూడా’ అన్న మెచ్చుకోలు ఒకటుంటుంది. ఆ ‘కూడా’ దగ్గరే మాకు ముల్లు దిగుతుంది. మండ్లా అడవి, నర్మద, ఆ పంతులు ఆయన బాల్యం. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నవి కావు. ఆయన మనవాడేనా అని అడిగేవాళ్లు మాలోనూ ఉన్నారు, దాచడమెందుకు. 2016లో చనిపోయాక మండ్లాలో తండ్రి సమాధి పక్కనే ఆయన్ని ఖననం చేశారు.

జరీనా హష్మీ 1937లో అలీగఢ్‌లో పుట్టింది. కుటుంబం తర్వాత కరాచీ వెళ్లిపోయింది. 2001లో ఆమె చెక్క మీద చెక్కి కాగితం మీద ముద్రించింది ఒకే ఒక్క వంకర గీత. అది 1947 నాటి సరిహద్దు. ఇక్కడ అర్థం ఎవరూ తవ్వనక్కర్లేదు, పేరులోనే ఆమె చెప్పింది: ‘డివైడింగ్ లైన్’. హైదరాబాదులో కరాచీ చుట్టాలున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ బొమ్మ చూపిస్తే గీతకు ఏ పక్కన ఎవరున్నారో వేలుపెట్టి చెప్తారు.