‘సంస్కార’ చలనచిత్రమును నిర్మించినవారు – వారి జీవితగమనము

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న రాయచూరు సీమ ఏ యొక్క భాషకు మాత్రమే చెందిన సీమ గాదు. 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరువరకు ఇది హైదరాబాదు రాష్ట్రములోని జిల్లాయై యుండెను. కన్నడము, తెలుగు, ఉర్దూ ఇచటి అంగళ్లలో నొకే త్రాసున తూగుచు వచ్చినవి. ఇట్టి సీమలో బెరుగు బాలబాలికలకు “ఇది మనది, అది పరులది” యని కళలను భాషలవారీగా పంచి యిచ్చుట యెంతవరకు న్యాయము? ఈ ప్రశ్నకు సమాధానముగా నిలువదగిన కృతి యొకటి కలదు. అది 1970లో వెలువడిన ‘సంస్కార’ అను కన్నడ చలనచిత్రము. దానిని నిర్మించి దర్శకత్వము వహించినవారు నెల్లూరి తెలుగు కవి. దానికి సంగీతమును కూర్చినవారు రాయచూరున పాఠశాల స్థాపించిన యొక మహనీయుని కుమారులు.

మూలకథ యు. ఆర్. అనంతమూర్తి గారి నవల. అది 1965లో ప్రకటింపబడెను. దుర్వాసపురమను అగ్రహారమున నారణప్ప అను ఆచారభ్రష్టుడు ప్లేగువ్యాధిచే మరణించును. అతని శవమునకు సంస్కారము చేయు నధికారము ఎవరికి గలదో తేలదు. శవము లేవనిదే అగ్రహారమున నెవరును భుజింపరాదు. పండితుడైన ప్రాణేశాచార్యులు శాస్త్రగ్రంథముల నెన్నింటిని త్రవ్వినను సమాధానము లభింపదు. మృతునితో జీవించిన చంద్రి యను స్త్రీయే తుదకు ఒక ముసల్మాను సాయముతో రాత్రివేళ ఆ శవమును దహింపజేయును. శాస్త్రము నిర్ణయింపలేని దానిని దయ నిర్ణయించె నన్నమాట.

ఈ కథను తెర కెక్కించిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి గారు 1919లో నెల్లూరున జన్మించిరి. తెలుగు సాహిత్యలోకము వారిని ‘పఠాభి’ యను పేర నెరుగును. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ అను కావ్యము ప్రకటించి, ఛందస్సుపై తిరుగుబాటు చేసిన యువకు డాయన. ఆ పేరులోనే రెండు ఇంగ్లీషు మాటలున్నవి! పండితు లదిరిపడిరి, యువకులు చప్పట్లు చరచిరి. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున చదివి వచ్చిన పిదప వారు మదరాసు చలనచిత్ర రంగమున ప్రవేశించి, జయంతి పిక్చర్స్ సంస్థలో భాగస్వామి యైరి. కె. వి. రెడ్డి గారి దర్శకత్వమున ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ (1958) ఆ సంస్థ పేరనే వెలువడెను. తారలు, స్టూడియో సెట్టులు, పాటలు కలిగిన ఆ వ్యాపారపద్ధతిని లోపలినుండి చూచినవారు గనుకనే దానిని విడిచి రాగలిగిరి. విడుచుట యనగా నేమో తెలియవలెనన్న, ముందు కలిగియుండవలెను గదా!

విడిచి వచ్చిన పిమ్మట వారికి దొరికిన తోడు మదరాసులోని రంగస్థల మిత్రులు. వారి ధర్మపత్ని స్నేహలతారెడ్డి గారు ‘మద్రాస్ ప్లేయర్స్’ నాటకసంస్థ స్థాపకులలో నొకరు. ఆ నాళ్లలో మదరాసున ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమున ఉద్యోగము చేయుచుండిన గిరీశ్ కర్నాడు గారును ఆ బృందములోనివారే. కర్నాడు గారు చిత్రమునకు తెరరచన సమకూర్చి, ప్రాణేశాచార్యుల పాత్ర ధరించిరి. చంద్రిగా స్నేహలత గారు, నారణప్పగా కన్నడ రచయిత పి. లంకేశ్ గారు నటించిరి. ఛాయాగ్రాహకులు ఆస్ట్రేలియా దేశీయులైన టామ్ కోవన్; కళాదర్శకులు చిత్రకారులైన ఎస్. జి. వాసుదేవ్. కె. వి. రెడ్డి గారి శిష్యులు, నెల్లూరు జిల్లా ఉదయగిరిలో 1931లో జన్మించినవారు నగు సింగీతము శ్రీనివాసరావు గారు నిర్వాహక దర్శకులుగా పనిచేసిరి. శృంగేరి చెంతనున్న వైకుంఠపురమను గ్రామమున, స్టూడియో గోడల కావల, నలుపు తెలుపులలో చిత్రీకరణము జరిగెను. దర్శకుని మాతృభాష తెలుగు, నాయకునిది కొంకణి, ఛాయాగ్రాహకునిది ఇంగ్లీషు. చిత్రము మాత్రము కన్నడము.

ఇక సంగీతము. దానిని కూర్చిన రాజీవ తారానాథ్ గారు 1932లో జన్మించిరి. వారి తండ్రి పండిత తారానాథ్ గారు మంగళూరు ప్రాంతమునుండి వచ్చి రాయచూరున ‘హమ్‌దర్ద్’ పాఠశాలను స్థాపించిన విద్యావేత్త, వైద్యులు. హమ్‌దర్ద్ అనగా ఒకరి బాధను తన బాధగా నెంచువాడు. నిజాము పాలనలోని పట్టణమున ఆ పాఠశాలకు ఉర్దూ పేరు పెట్టుట యందే ఆయన మనసు తెలియుచున్నది. పిదప ఆయన ఏటి కావలి గట్టున, నేటి కర్నూలు జిల్లాలోని తుంగభద్ర గ్రామమున ‘ప్రేమాయతనము’ అను ఆశ్రమమును నెలకొల్పిరి. కుమారుడు తండ్రి యొద్ద తొలి స్వరములు నేర్చి, ఇంగ్లీషు సాహిత్యమున ఆచార్యుడై, ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ గారికి శిష్యుడై సరోద్ విద్వాంసుడుగా పేరొందెను. ‘సంస్కార’ పిమ్మట లంకేశ్ గారి ‘పల్లవి’ (1976), మలయాళ దర్శకులు అరవిందన్ గారి ‘కాంచనసీత’ (1977) చిత్రములకు సంగీతము కూర్చిరి. ఆ ‘కాంచనసీత’ను మన ఆంధ్రప్రదేశ్ గిరిజన సీమలలోనే తీసిరి. రాజీవ తారానాథ్ గారు 2019లో పద్మశ్రీ నందుకొని, 2024 జూన్‌లో మైసూరున కీర్తిశేషులైరి.

చిత్రము పూర్తియైనంతనే కష్టము తీరలేదు. ఒక కులమువారి మనసు నొచ్చునన్న భయముతో మదరాసులోని సెన్సారు మండలి ప్రదర్శనను నిషేధించెను. కేంద్రప్రభుత్వ సమాచార ప్రసార మంత్రిత్వశాఖ కడకు ఆ నిషేధమును తొలగించెను. ఏ చిత్రము చూపదగదని నిర్ణయింపబడినదో, ఆ చిత్రమే 1970వ సంవత్సరపు ఉత్తమ కథాచిత్రముగా జాతీయ బహుమానము నందెను. కన్నడ చిత్రమునకు ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. దాని వెంటనే కర్నాడు, బి. వి. కారంత్ గార్ల ‘వంశవృక్ష’ (1971), కారంత్ గారి ‘చోమన దుడి’ (1975) మొదలగునవి వచ్చి కన్నడమున నవ్యచిత్రధార స్థిరపడెను.

బహుమానములు వచ్చినవారి జీవితములు సుఖాంతములే యనుకొనుట పొరపాటు. పట్టాభిరామిరెడ్డి దంపతులు రామమనోహర లోహియా గారి సోషలిస్టు భావముల నభిమానించినవారు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. బరోడా డైనమైటు కేసు సందర్భమున 1976 మే నెలలో స్నేహలత గారిని నిర్బంధించి బెంగుళూరు కేంద్ర కారాగారమున నుంచిరి. తుది యభియోగపత్రమున ఆమె పేరు లేదు. ఉబ్బసపు వ్యాధి గల ఆమెను సుమారు ఎనిమిది నెలలు చెరలోనే యుంచిరి. 1977 జనవరి 15న పెరోలుపై విడిచిరి. 20న ఆమె మరణించిరి. ఆమె వ్రాసికొనిన చెరసాల దినచర్య పిదప గ్రంథరూపమున వెలువడెను. తెరమీద అనాథశవమునకు గౌరవము చేకూర్చిన చంద్రియే, నిజజీవితమున న్యాయస్థానపు తీర్పు లేకయే శిక్ష ననుభవించెను.

పట్టాభిరామిరెడ్డి గారు అటుపై ‘చండమారుత’ (1977), ‘శృంగారమాస’ (1984), ‘దేవర కాడు’ (1993) అను కన్నడ చిత్రములు తీసి, 2006 మే నెలలో బెంగుళూరున పరమపదించిరి. సింగీతము వారు ‘నీతి నిజాయితి’ (1972)తో తెలుగు దర్శకులై, రాజాజీ కథ నాధారముగా ‘దిక్కట్ర పార్వతి’ (1974) అను తమిళ చిత్రమును, 1987లో ఒక్క మాటయు లేని ‘పుష్పక విమాన’ను తీసిరి. పలు భాషల నడుమ పనినేర్చినవారు భాష లేని చిత్రమును తీయుట యందు వింతలేదు.

భాషల మధ్య ఈ ఋణము ఏకపక్షముగాను లేదు. హైదరాబాదు రాష్ట్రపు రైతుపోరాటమును చిత్రించిన తెలుగు ‘మా భూమి’కి బి. నర్సింగరావు గారు నిర్మాతలలో నొకరు. దర్శకులు వంగదేశీయులైన గౌతమ్ ఘోష్ గారు. కథకు మూలము కిషన్ చందర్ గారి ఉర్దూ నవల. నెల్లూరి కవి కన్నడమున కిచ్చినదానిని, కలకత్తా యువకుడు తెలుగునకు తీర్చెననవచ్చును.

తెలుగు సాహిత్య చరిత్రలలో పఠాభి తరచుగా ‘డజన్’తోనే ఆగిపోవును, కన్నడ చిత్రచరిత్రలో పట్టాభిరామిరెడ్డి ‘సంస్కార’తోనే మొదలగును. ఒకే మనిషిని రెండు భాషలు చెరిసగముగా నెరిగియున్నవి. నారణప్ప శవము వలె ఈ చరిత్రయు “ఇది మావారి పని గాదు” అను వాదములలో మూలబడరాదు. ఛందస్సును ఎదిరించిన చేయియే ఆచారమును ప్రశ్నించినదని ఎరిగినపుడే ఆ జీవిత మర్థమగును. రాయచూరు సీమలోని తెలుగు విద్యార్థి కన్నడ చిత్రమును పరాయిదిగా చూడనక్కరలేదు; కన్నడ విద్యార్థి తెలుగు కవిని పరుడుగా నెంచనక్కరలేదు. హమ్‌దర్ద్ అను మాటకు ఈ గడ్డ నేర్చిన అర్థ మదియే.