దాచు, చూపించు

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బైర్రాజు రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో జనానికి గుర్తుండిపోయింది పులి ఒక్కటే. ఎక్కిన పులి మీంచి, అది తినెయ్యకుండా దిగడం ఎలాగో తెలియలేదన్నారాయన. ఆ మాట పత్రికలకి పండగైంది. తర్వాత సీబీఐ వాళ్లు కంపెనీ కంప్యూటర్లు విప్పి చూస్తే దొరికింది మాత్రం పులి కాదు, ఒక లాగిన్. దాని పేరు సూపర్ యూజర్.

పశ్చిమగోదావరి వాళ్లకి రాజు గారి పూర్వకథ కొత్తగా చెప్పక్కర్లేదు. 1954లో పుట్టారు. సొంతూరు భీమవరం పక్కన గరగపర్రు. విజయవాడ లయోలాలో బీకాం, అమెరికాలో ఒహాయో యూనివర్సిటీలో ఎంబీఏ. తిరిగొచ్చి ఏవో వ్యాపారాలు చేసి, 1987లో హైదరాబాద్‌లో కొద్దిమందితో సత్యం కంప్యూటర్స్ పెట్టారు. 2001కల్లా ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ మెట్లెక్కింది. వరి, చేపల చెరువులు, రైస్‌మిల్లులు తప్ప డబ్బుకి వేరే దారి ఎరగని డెల్టాకి అదో వింత. సంబంధాలు చూసేటప్పుడు "కుర్రాడు సత్యంలోనండి" అంటే జీతం ఎంతని అడిగే పనుండేది కాదు.

ఆ ఇల్లు ఊళ్లని మర్చిపోలేదన్నది కూడా నిజమే. తండ్రి సత్యనారాయణరాజు పేరు మీద 2001లో బైర్రాజు ఫౌండేషన్ వచ్చింది. ఊరూరా మంచినీళ్ల ప్లాంట్లు పెట్టారు. జల్లికాకినాడ, ఈతకోట లాంటి పల్లెల్లో కంప్యూటర్లు దింపి, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న పిల్లల చేత బీపీఓ పనులు చేయించారు. 2005లో వాళ్ల చేతుల మీదే 108 అంబులెన్సు మొదలైంది. అర్ధరాత్రి పురిటినొప్పులొస్తే ఎడ్లబండి కట్టుకునే కాలం దాంతో పోయింది.

ఇక ఆ లాగిన్ సంగతి.

పదిమంది వాడే కంప్యూటర్‌లో మొదట తేల్చుకోవలసింది ఎవరికి ఏది కనబడాలన్నదే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ దీనికి సులువైన పద్ధతి పెట్టింది. ఫైలుకో యజమాని, ఓ గ్రూపు, ఆ తర్వాత మిగతా అందరూ. ఒక్కొక్కరికీ చదివే హక్కు, రాసే హక్కు, నడిపే హక్కు విడివిడిగా ఉంటాయి. వీళ్లందరి పైనా రూట్ అని ఒకడుంటాడు, వాడికి ఏ అడ్డూ లేదు. కాలవ కింద రైతులెందరున్నా షట్టర్ తిప్పే హ్యాండిల్ లస్కరు చేతిలో ఉన్నట్టు. అలాంటి ఖాతా ఉండడం తప్పు కాదు. అది లేకపోతే చెడినదాన్ని బాగుచేసే దారే ఉండదు. ఆ చేతిని ఎవరు కనిపెట్టి ఉంటున్నారన్నదే ప్రశ్న.

సత్యంలో బిల్లు తయారయ్యే దారి పుస్తకాల్లో పాఠంగా పెట్టుకోదగ్గది. ఆప్టిమా అనే అప్లికేషన్‌లో ప్రాజెక్టు వివరాలుంటాయి. ప్రాజెక్ట్ రిపాజిటరీ దానికో నంబరు ఇస్తుంది. ఇంజనీర్లు ఇన్ని గంటలు పనిచేశామని ఆన్‌టైమ్‌లో ఎక్కిస్తారు. ఆ గంటల్ని బట్టి బిల్లింగ్ సిస్టం లెక్క కడుతుంది. చివర్లో ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టం, అంటే ఐఎంఎస్, ఇన్‌వాయిస్ తీస్తుంది. మెట్టుమెట్టుకీ వేరే మనుషులు, వేరే కళ్లు. ఇందులో దొంగ బిల్లు దూరాలంటే చాలామంది కళ్లు మూసుకోవాలి.

కాకపోతే పక్కన ఒక చిన్న తలుపుంది. అత్యవసరమైతే ఈ మెట్లేవీ ఎక్కకుండా, ఎక్సెల్ షీటులోని లెక్కల్ని నేరుగా ఐఎంఎస్‌లోకి దించే వీలు. దాన్ని ఎక్సెల్ పోర్టింగ్ అనేవారు. ఇలాంటి తలుపు లేని ఆఫీసు ఎక్కడుంది గనక! సీబీఐ చెప్పినదాని ప్రకారం దొంగ ఇన్‌వాయిస్‌లు ఆ తలుపు గుండానే వచ్చాయి, మొత్తం 7,561. వాటి విలువ ఐదు వేల కోట్ల రూపాయల పైమాటే.

వచ్చినవాటిని దాచాలి కదా. అక్కడే సూపర్ యూజర్ అవసరం పడింది. ఇన్‌వాయిస్‌ని దాచే, చూపించే అధికారం ఆ ఖాతాకి ఇచ్చారు. దాచిన ఇన్‌వాయిస్ ఫైనాన్స్ విభాగంలో కనబడుతుంది, మిగతా డివిజన్లలో కనబడదు. కస్టమరుకి వెళ్లదు. కానీ రావలసిన బాకీ కింద పద్దుల్లో చేరిపోతుంది.

నాకు ఈ కథలో ఒళ్లు జలదరించేది ఇక్కడే. బిల్లులో ఉన్న పని నిజంగా జరిగిందా లేదా అని ఒక్క చూపులో చెప్పగలిగింది ప్రాజెక్టు నడిపే మేనేజర్. "ఈ బిల్లేంటండీ, మేం ఈ పని చెయ్యలేదే" అని అతను అడిగేసేవాడు. సరిగ్గా అతనికే కనబడకుండా చేశారు. కంపెనీలో వేలమంది నిజాయితీపరులున్నారు. వాళ్ల నిజాయితీకి చదివే హక్కు లేదు, అంతే.

2008 సెప్టెంబరులో ఈ కంపెనీకే లండన్‌లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డిచ్చారు. ఆ నెమలిని తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి.

ఆ డిసెంబరు 16న రాజు గారు, కొడుకుల చేతిలో ఉన్న మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకి సత్యం చేత కొనిపించబోయారు. వాటాదారులు మండిపడేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గారు. లేని నగదు స్థానంలో ఆ కంపెనీలకి ఉన్న భూముల్ని పెట్టాలన్న ఆఖరి ఎత్తు అది. ఇక ఉత్తరమే మిగిలింది. పద్దుల్లో 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వ ఉన్నట్టు చూపించాం, అందులో 5,040 కోట్లు లేనే లేవు అని ఆయనే రాసిచ్చారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది. యాభై వేలమందికి పైగా ఉద్యోగులు జీతం వస్తుందో రాదో తెలియక కూర్చున్నారు. రిటైరైన మేష్టర్లు, చెరువు లీజు డబ్బులు షేర్లలో పెట్టినవాళ్లు టీవీల ముందు నోట మాట లేకుండా ఉండిపోయారు. మనవాడే కదా అని కొన్నవాళ్లు, తిట్టడానికి కూడా నోరు రానివాళ్లు.

ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరు 58 రూపాయల లెక్కన కంపెనీని దక్కించుకుంది. 108 సర్వీసు జీవీకే చేతికి వెళ్లింది, బళ్లు ఆగలేదు. 2013లో విలీనం పూర్తయ్యాక సత్యం అన్న కంపెనీ లేకుండా పోయింది.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. రామలింగరాజు, ఇద్దరు తమ్ముళ్లు, ఆడిటర్లు, ఇంటర్నల్ ఆడిట్ అధిపతి, ఫైనాన్స్ ఉద్యోగులు. జైలు శిక్ష అందరికీ ఏడేళ్లే, ఛైర్మన్‌కీ అంతే, ఫైనాన్స్‌లో అసిస్టెంట్ మేనేజర్‌కీ అంతే. నెల తర్వాత అప్పీలు మీద బెయిలొచ్చింది.