ఫోనులో తెలుగు వినడానికి ఏ పాడ్‌కాస్ట్ యాప్ పెట్టుకోవాలి?

బళ్ళారి, హొసూరు, బరంపురం, షోలాపూర్ వంటి ఊళ్ళలో తరాలుగా స్థిరపడిన మన ఇళ్ళలో తరచు వినిపించే మాట ఒకటుంది: "పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడతారు కూడా. చదవడమే రాదు." బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో చదువుకున్న పిల్లల చేతికి తెలుగు పుస్తకం ఇస్తే పక్కన పెడతారు. అదే కథను ఎవరైనా చెబితే చెవి ఒగ్గి వింటారు. ఇక చూపు మందగించి పత్రిక చదవలేని పెద్దవాళ్ళు ప్రతి ఇంటా ఉన్నారు. ఈ ఇద్దరికీ పనికివచ్చేది పాడ్‌కాస్ట్. ఏ యాప్ పెట్టుకోవాలని మా సంఘం సభ్యులు అడుగుతూ ఉండడంతో వివరాలన్నీ ఒకచోట చేర్చి ఇస్తున్నాము.

పాడ్‌కాస్ట్ అంటే ఏమిటి?

మనకు వీలైనప్పుడు వినగలిగే రేడియో కార్యక్రమం అనుకోవచ్చు. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అన్న రెండు మాటలు కలిపి 2004లో ఈ పేరు పుట్టింది. కార్యక్రమం చేసేవారు తమ ఆడియోను ఇంటర్నెట్‌లో ఒకచోట ఉంచి, భాగాల జాబితాను ఆర్.ఎస్.ఎస్. ఫీడ్ అనే రూపంలో ఇస్తారు. మన ఫోనులోని యాప్ ఆ జాబితాను చూస్తూ ఉండి, కొత్త భాగం రాగానే తెచ్చిపెడుతుంది. అంటే యాప్ రేడియో పెట్టె వంటిది. పెట్టె మార్చినా స్టేషను పోదు. అయితే కొన్ని కంపెనీలు తమ కార్యక్రమాలను సొంత యాప్‌లోనే ఉంచుతాయి. అవి మరో యాప్‌లో దొరకవు.

ఎంచుకునే ముందు చూడవలసినవి

1. జాబితా బయటికి తీసుకోవచ్చా? గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2018లో వచ్చి 2024లో మూతపడింది. అంత పెద్ద కంపెనీ యాప్‌కే ఆరేళ్ళ ఆయుష్షు. మనం వినే కార్యక్రమాల జాబితాను ఓ.పి.ఎం.ఎల్. అనే ఫైలుగా దాచుకోగలిగితే, యాప్ మూతపడినా మరో యాప్‌లో ఎక్కించుకోవచ్చు.

2. ఖాతా తెరవాలా? మెయిలు, పాస్‌వర్డు అడిగే యాప్ పెద్దవాళ్ళకు ఇబ్బంది. అవి లేకుండా నడిచేవి ఉన్నాయి.

3. డౌన్‌లోడు సౌకర్యం ఉందా? ఇంట్లో వైఫై ఉన్నప్పుడు దించుకుంటే బస్సులో, పొలంలో, మగ్గం దగ్గర సిగ్నల్ లేకపోయినా వినవచ్చు. 'వైఫైలో మాత్రమే డౌన్‌లోడు', 'విన్న తరువాత తొలగించు' అన్న రెండు అమరికలు ఉండాలి.

4. వేగం తగ్గించవచ్చా? తెలుగు కొంచెమే వచ్చిన పిల్లలకు 0.8 వేగంలో పెడితే మాట మాట తెలుస్తుంది.

5. స్లీప్ టైమర్ ఉందా? రాత్రి వింటూ నిద్రపోయే పెద్దవాళ్ళకు ఇది తప్పనిసరి. లేకుంటే తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ.

డేటా ఎంత ఖర్చవుతుంది?

128 కె.బి.పి.ఎస్. నాణ్యతగల ఆడియోకు గంటకు సుమారు 58 ఎం.బి., 64 కె.బి.పి.ఎస్. అయితే అందులో సగం. ఎక్కువ నాణ్యతలో రోజుకు అరగంట చొప్పున నెలంతా విన్నా 1 జీబీ దాటదు. వీడియోకు ఇంతకు ఎన్నో రెట్లు కావాలి.

కొన్ని యాప్‌లు

యాంటెన్నాపాడ్: ఆండ్రాయిడ్ ఫోన్లకు. పూర్తిగా ఉచితం. ఖాతా అక్కరలేదు, యాప్ తరఫున ప్రకటనలు లేవు. పైన చెప్పిన ఐదూ ఇందులో ఉన్నాయి. పెద్దవాళ్ళ ఫోనుకు మేము ముందుగా చెప్పేది ఇదే.

పాకెట్ కాస్ట్స్: ఆండ్రాయిడ్, ఐఫోను రెండింటిలోనూ పనిచేస్తుంది. మామూలు వాడకం ఉచితం, కొన్ని అదనపు సౌకర్యాలకు చందా.

యాపిల్ పాడ్‌కాస్ట్స్: యాపిల్ వారి సొంత యాప్, ఐఫోను ఉన్నవారికి ఇది చాలు.

స్పాటిఫై: మన దేశానికి 2019లో వచ్చింది. పాటలు, పాడ్‌కాస్టులు ఒకేచోట ఉంటాయి. చందా లేకపోయినా పాడ్‌కాస్టులు డౌన్‌లోడు చేసుకోవచ్చు. ఖాతా తప్పనిసరి. జాబితాను ఓ.పి.ఎం.ఎల్. ఫైలుగా ఇవ్వదు.

యూట్యూబు: తెలుగు ప్రసంగాలు, కథలు ఎక్కువ. కాని మామూలు యూట్యూబు యాప్‌లో చందా లేకుండా స్క్రీను ఆపితే మాట ఆగిపోతుంది.

ఇవి కాక ఆకాశవాణి తెలుగు ప్రసారాలకు 'న్యూస్ ఆన్ ఎయిర్', తెలుగు శ్రవణ పుస్తకాలకు 'దాసుభాషితం' వేరే యాప్‌లుగా ఉన్నాయి.

తెలుగు కార్యక్రమాలు వెతకడం

మన ఫోన్లు ఉన్న రాష్ట్రం, భాష అమరికలను బట్టి యాప్ మొదటి పేజీలో తెలుగు కనబడకపోవచ్చు. అంతమాత్రాన తెలుగు లేదని వదిలేయవద్దు. వెతికే గడిలో 'తెలుగు కథలు' అని తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాలతో మరోసారి కొట్టి చూడండి. రెండింటికీ వేరువేరు ఫలితాలు వస్తాయి. టైపు చేయడం రానివారు కీబోర్డు భాషల్లో తెలుగు చేర్చుకుని, మైకు గుర్తు నొక్కి నోటితో చెప్పవచ్చు. మొదటిసారి వినేవారు 'హర్షణీయం' తో ప్రారంభించవచ్చు. తెలుగు కథలు, రచయితలతో సంభాషణలు అందులో ఉంటాయి.

డబ్బు విషయంలో జాగ్రత్త

తక్కువ రుసుముతో 'ట్రయల్' ఇచ్చే యాప్‌లు యూపీఐ ఆటోపేకు అనుమతి అడుగుతాయి. గడువు తీరాక పూర్తి చందా దానంతటదే కట్ అవుతుంది. యాప్‌ను ఫోనులోంచి తీసేసినంత మాత్రాన ఆటోపే రద్దు కాదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి అక్కడ రద్దు చేయాలి. ఇలాంటి చెల్లింపులకు డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు సమాచారం రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. పెన్షనుదారులు ఆ మెసేజీలను చదవకుండా తొలగించవద్దని మనవి.

మన ఇంటి తెలుగు కోసం

పాడ్‌కాస్టులలో ఎక్కువగా వినిపించేది హైదరాబాదు, విజయవాడ వైపు తెలుగు. హొసూరు తెలుగు, కోలారు తెలుగు, బరంపురం తెలుగు, షోలాపూర్ నేతకారుల తెలుగు అందులో అరుదు. మన పిల్లలు వాటిని విని "మన తెలుగు తప్పు కాబోలు" అనుకునే ప్రమాదం ఉంది. దీనికి ఉపాయం మన చేతిలోనే ఉంది. అవ్వ చెప్పే కథ, తాత చెప్పే వలస కబురు, పెళ్ళిపాట ఫోను రికార్డరులో పట్టి ఒక ఫోల్డరులో పెట్టండి. యాంటెన్నాపాడ్‌లో ఆ ఫోల్డరును ఒక కార్యక్రమంలా చేర్చుకోవచ్చు. ఇంటర్నెట్ అక్కరలేదు, ఎవరికీ పంపనక్కరలేదు. మిగతా కార్యక్రమాల పక్కనే అవ్వ గొంతు కూడా జాబితాలో ఉంటుంది. రికార్డింగులకు తేదీ, ఊరు, చెప్పినవారి పేరు రాసి, మరొక ప్రతిని వేరేచోట దాచుకోండి.

యాప్ పెట్టుకోవడంలో ఇబ్బంది ఉంటే ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలను కూర్చోబెట్టుకోండి. వాళ్ళకు యాప్ తెలుసు, మీకు తెలుగు తెలుసు. పావుగంటలో పని అయిపోతుంది.